బావ పేరున పడ్డ వేలిముద్ర

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. శ్మశానం పక్క దారిలో ఒంటరిగా సైకిలు తొక్కుకుంటూ ఇంటికి వెళ్లినవాణ్ణి. గుమాస్తాని కాబట్టి కాగితం మీద ఉన్నదాన్నే నమ్ముతాను. చివరికి నా మనశ్శాంతి పోగొట్టింది కూడా ఒక కాగితమే.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో నేను టెక్కలి పంచాయతీ బోర్డులో పనిచేసేవాణ్ణి. యుద్ధానికి వెళ్లి తిరిగిరాని చుట్టుపక్కల ఊళ్లవాళ్ల పేర్లు చెక్కించి, పార్కులో ఒక రాయి నిలబెట్టాలని పెద్దలు అనుకున్నారు. పేర్లు పోగుచేసే పని నాకు అప్పగించారు. పదకొండు తేలాయి. పన్నెండోది నేనే చేర్చాను. అది మా బావ పేరు.

బావ బర్మా వైపు వెళ్లాడు. సర్కారు ఉత్తరంలో ఆచూకీ లేదని ఉంది తప్ప చనిపోయాడని లేదు. మా వైపు మనిషి జాడ తెలియకపోతే పన్నెండేళ్లు చూస్తారు. అప్పటికీ రాకపోతే దర్భలతో బొమ్మ చేసి, దహనం చేసి, కర్మ జరిపిస్తారు. అంతవరకు ఆయన భార్య బొట్టు, గాజుల జోలికి ఎవరూ రారు. బావ విషయంలో అప్పటికి పదేళ్లే అయింది. మా అప్ప, అంటే అక్క, అక్కుపల్లి దగ్గర అత్తవారింట్లో జీడితోట పని చేసుకుంటూ ఎదురుచూస్తోంది.

ఇదంతా తెలిసే ఆ పేరు రాశాను. రాతి మీద బావ పేరుంటే మా అందరికీ గౌరవం అనుకున్నాను. అప్పను ఒక్క మాట అడగలేదు. అంత తెలివితక్కువ పని జన్మలో ఇంకోటి చెయ్యలేదు.

కబురు అప్ప ఉండే ఉద్దానం చేరింది. రాతి మీద పేరెక్కాక ఇంకా గాజులేమిటని అప్ప మామగారు, ఊరి పెద్దలు మొదలెట్టారు. పేరు తీయించమని అప్ప మనిషిని పంపింది. చెక్కిన పేరు ఎవరు తీస్తారు? నేను మొహం చాటేశాను.

ఒక ఆదివారం పొద్దున్న పది గంటలకు, ఎండ బాగా ఎక్కాక, రాయి మీది గుడ్డ తీశారు. హెడ్మాస్టరు గారు ఒక్కో పేరూ చదువుతున్నారు. ఆ ఇంటివాళ్లొకరు వచ్చి రాతికి దండం పెట్టి, నా బల్ల దగ్గర వేలిముద్ర వేసి, కొబ్బరికాయ, పంచెల చాపు తీసుకుని వెళ్లాలి. ముద్ర వేయించే గుమాస్తా మొహాలు చూడడు. చెయ్యి పట్టుకుని, బొటనవేలిని సిరాలో అద్ది, రిజిస్టరు గడిలో దొర్లించి వదిలేస్తాడు. నేనూ అంతే.

బావ పేరు చివర్న చదివారు. అప్ప రాదని తెలుసు. ఇంతలో ఒక చెయ్యి ముందుకొచ్చింది. అత్తవారి వైపు ఎవరో అనుకుని ముద్ర వేయించాను. కాయ ఇద్దామని తలెత్తేసరికి బల్ల ముందు ఎవరూ లేరు. కాయా, పంచెలూ అలాగే ఉండిపోయాయి.

అప్పుడు ముద్ర చూశాను. మధ్యలో ఏటవాలుగా తెల్లటి గీత. కొబ్బరికాయ వలుస్తుంటే కత్తి దిగి బావ ఎడమ బొటనవేలు అలాగే చీలింది. ఉద్దానంలో అలాంటి వేళ్లు బోలెడని సర్దిచెప్పుకున్నాను. హెడ్మాస్టరు గారిని అడిగితే ఎవరో వచ్చారన్నారు గానీ, మనిషి ఎలా ఉన్నాడో చెప్పలేకపోయారు.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా రిజిస్టరు సంచిలో పెట్టుకుని, పలాస దాకా బస్సులో, అక్కణ్ణుంచి ఎడ్లబండి మీద వెళ్లాను. అప్ప ట్రంకుపెట్టెలో బావ యుద్ధానికి వెళ్లకముందు ముద్ర వేసిన కౌలు కాగితం ఉంది. రెండూ పక్కపక్కన పెట్టాం. అదే వాలు. కింది కొసన గీత రెండుగా చీలడం కూడా అదే. అప్ప మామగారు చూసి, అరుగు మీదికి వెళ్లి కూర్చున్నారు.

అప్ప నన్ను తిట్టలేదు. నా చేతిని తన చేతిలోకి తీసుకుని ఒక్కటే అడిగింది.

"నువ్వు పట్టుకున్నావు గదరా తమ్ముడా. ఆ సెయ్యి ఎచ్చగుందా, సల్లగుందా?"

నాకు గుర్తులేదు. ఎంత తలుచుకున్నా గుర్తుకు రాలేదు. కానీ ఆ కళ్లలోకి చూసి గుర్తులేదని అనలేకపోయాను.

"ఎచ్చగుందప్పా," అన్నాను.

ఆ మాట పట్టుకునే అప్ప బతికింది. పన్నెండేళ్లు నిండినా దర్భబొమ్మ చెయ్యనివ్వలేదు. గాజులతోనే పోయింది. బావ రాలేదు.

ఆ ముద్ర ఎవరు వేశారో నాకు తెలియదు. పెద్ద ఆఫీసర్లకి కూడా చూపించాను, ఎవరూ తేల్చలేదు. అది తేలకపోయినా ఫరవాలేదు. ఆ చెయ్యి చల్లగా ఉండి ఉంటే మాత్రం, బావకి కర్మ లేకుండా చేసినవాణ్ణి నేనే.