వేట బొమ్మలో మూడు మిల్లీమీటర్లు

తొంభైల మధ్యలో, దోహాలో మా కంపెనీ ఇంజనీరు అల్ హిలాల్‌లోని విల్లా ఖాళీ చేస్తూ, ప్యాకింగ్ పెట్టెల కోసం పటాలన్నీ కొలవమని నన్ను పిలిచాడు. నేను కంపెనీ లేబర్ క్యాంపులో ఉంటూ స్టోర్లో కొలతలు రాసేవాణ్ణి. చదువు ఏడో తరగతితో ఆగినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. రెండోసారి కొలవనిదే ఏదీ రాయను.

ఒక పటం మూడు వందల ఏళ్ల నాటి వేట దృశ్యం. దుప్పి మీదికి పదకొండు కుక్కలు దూకుతున్నాయి, వెనక గుర్రాల మీద నలుగురు. దాన్ని అచ్చు తీసిన రాగి రేకు కూడా ఇంజనీరు దగ్గరే ఉంది. రేకు మీద దుప్పి కుడివైపు పరుగెడుతోంది, కాగితం మీద ఎడమవైపు. ఆఫీసు రబ్బరు స్టాంపూ అంతే కదా, అది అర్థమైంది. అర్థం కానిది వేరే. రేకు పొడవు 312 మిల్లీమీటర్లు. అచ్చు వేసినప్పుడు రేకు అంచు కాగితంలోకి దిగి పడిన నొక్కు మాత్రం 309. వెడల్పు 228కి 227. మూడుసార్లు కొలిచి, "ఇది ఈ రేకు అచ్చు కాదు సార్" అని చెప్పేశాను.

అంతకు వారం ముందు ఆ పటానికి కొత్త ఫ్రేము కట్టించి తెచ్చింది ఇంటి డ్రైవరు, కడప జిల్లావాడు. దారిలో అసలు పటం మార్చేశాడని ఇంజనీరు అతని దగ్గర కారు తాళాలు లాక్కున్నాడు. సాయంత్రానికి తేలకపోతే ఊరికి పంపేస్తానన్నాడు.

"నీ స్కేలు నా ఉద్యోగం తినేసిందన్నా," అన్నాడు డ్రైవరు. "కుక్కలు కూడా లెక్కబెట్టినావు గదా, ఒకటన్నా తగ్గిందా?"

తగ్గలేదు. గీతలన్నీ సరిపోతున్నాయి, కొలత ఒక్కటే సరిపోవడం లేదు. ఇద్దరం టాక్సీలో ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో ఆ ఫ్రేము కట్టిన దుకాణానికి వెళ్లాం. అక్కడి హైదరాబాదు పెద్దాయన విని నవ్వాడు.

"రాగి మీద మైనం పూసి సూదితోని గీస్తరు. తేజాబుల, అదే యాసిడ్ల, ముంచితే గీసిన కాడ తింటది. ఆ గుంటలల్ల సిరా నింపి, తడి కాయితం ఏసి రోలరు కింద నొక్కుతరు. తడి కాయితం, తమ్మీ. ఆరినంక ముడుసుకోదా?"

దళసరి కాగితం ఒకటి తడిపి, దాని మీద నాచేతే 312, అడ్డంగా 228 గీయించాడు. ఏసీ ముందు ఆరబెట్టాం. ఆరాక పొడవు 310, వెడల్పు 227కి కాస్త ఎక్కువ.

ఆ కాగితం పట్టుకెళ్లి ఇంజనీరుకు చూపించాను. ఆయన తానే కొలుచుకుని తాళాలు డ్రైవరు చేతిలో పెట్టాడు.

బయటికొచ్చాక డ్రైవరు అడిగాడు: "నువ్వు కొలిచిందీ నిజమే, నేను మార్చనిదీ నిజమే. మరి తప్పెవురిదన్నా?"

ఒకే కాగితం పొడవున ఎక్కువ, వెడల్పున తక్కువ ఎందుకు తగ్గిందో నాకే తేలలేదు. ఆరిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"సరేలే. యల్లా, పోదాం, ఎక్కన్నా, క్యాంపు కాడ దింపుతా," అన్నాడు.