మా లైబ్రరీ చదివింపులు

మా తోడికోడలికి చదువు రాదు. బస్సు బోర్డు కూడబలుక్కుని చదువుతుంది, అదీ బస్సు కదలకుండా ఉంటే. అలాంటి మనిషి మా ఊరి లైబ్రరీని నిలబెట్టిందని ఊరంతా చెప్పుకుంటున్నారు. చెప్పుకోనీ. అది అబద్ధమైతే నవ్వి ఊరుకునేదాన్ని. నిజం కాబట్టే నాకు కడుపు మండుతుంది.

మాది వినుకొండ వెళ్ళే దారిలో ఒక ఊరు. చుట్టూ పత్తి, మిరప. కోతల కాలంలో కల్లాల మీంచి గాలి వీస్తే పసిపిల్లలు కూడా తుమ్ముతారు. ఆ ఊరికి పెద్దకోడలిగా వచ్చిన కొత్తలోనే నేను లైబ్రరీని కనిపెట్టాను. ఎరువుల కొట్టు పక్కన ఒక అద్దె గది. మధ్యాహ్నం మా అత్తగారు నడుం వాల్చగానే భుజం నిండా కొంగు కప్పుకుని అక్కడికి వెళ్ళేదాన్ని. మగవాళ్ళంతా బల్ల చుట్టూ పేపర్లు పంచుకుని కూర్చునేవాళ్ళు. నేను బీరువాల వెనకాల స్టూలు వేసుకునేదాన్ని. బయట నేను ఫలానా ఇంటి కోడల్ని, ఫలానా వాడి అమ్మని. ఆ గదిలో మాత్రం లైబ్రేరియన్ గారు కొత్త పుస్తకాల కట్ట విప్పగానే ముందు నన్ను పిలిచేవారు. "మీరు చదివి చెప్పండమ్మా, బాగుంటే పైన పెడతాను" అనేవారు. ఆ ఒక్క మాట కోసం నేను ఎన్ని ఎండల్లో నడిచానో నాకే తెలుసు. ఆ లైబ్రరీ నాది అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటాను, ఎవరేమనుకున్నా సరే.

మా తోడికోడలిది పక్కిల్లే. అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నప్పుడు మధ్యలో ఒక గోడ పెట్టారు. ఆమె గొంతుకి ఆ గోడ ఒక లెక్కా? పొద్దున లేచిన దగ్గర్నుంచి ఆమె ఎవరితో ఏం మాట్లాడిందో నాకు మొత్తం వినపడుతుంది. ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళయినా, పుష్పవతి ఫంక్షనైనా వంటల దగ్గర ఆమె ఉండాల్సిందే. ఆమె రాకపోతే పప్పు ఉడకదన్నట్టు కబురు మీద కబురు పెడతారు. నన్ను పిలుస్తారు, మర్యాదగా కుర్చీ వేస్తారు, మంచినీళ్ళిస్తారు, వెళ్ళిపోతారు. ఆమె చుట్టూ మాత్రం మూగుతారు. ఏం చూసి మూగుతారో నాకు అర్థమయ్యేది కాదు. నవ్వితే వీధి చివరిదాకా వినపడే నవ్వు, చేతిలో గరిటె, అంతే కదా ఆమెకున్నది!

ఇలా ఉండగా లైబ్రరీకి గండం వచ్చింది. గది యజమాని ఖాళీ చేయమన్నాడు. మిర్చి నిల్వ పెట్టుకుంటాడట. పంచాయతీ వాళ్ళు పాత పశువుల ఆసుపత్రి ఇస్తామన్నారు గానీ దానికి గోడలే ఉన్నాయి, పైన ఆకాశం ఉంది. వానలు మొదలయ్యేలోపు కప్పు వేసుకోగలిగితే సరి, లేకపోతే పుస్తకాలన్నీ లారీకెత్తి పట్నం లైబ్రరీలో కలిపేస్తామని పైనుంచి మాట వచ్చింది. లైబ్రేరియన్ గారు ముందుగా నాకే చెప్పారు. చెప్తూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఏదో ఒకటి చేద్దామండీ" అన్నాను ధైర్యంగా.

చేశాను. సభ పెట్టాను. పుస్తకం ఎంత గొప్పదో, గ్రంథాలయం ఊరికి ఎందుకు అవసరమో నాలుగు పేజీల ఉపన్యాసం రాసుకున్నాను. ఫ్లెక్సీ కట్టించాం. చర్చి పాస్టరు గారు మైకు సెట్టు ఇచ్చారు. తీరా చూస్తే వచ్చినవాళ్ళు ముందు వరుసకు కూడా చాలలేదు. వాళ్ళు కూడా బిస్కెట్లు తిని, టీ తాగి, "చాలా బాగా చెప్పారండీ" అని చెప్పుల్లో కాళ్ళు పెట్టారు. ఒక్క రేకు ఇస్తామన్న పాపాన పోలేదు ఎవరూ.

ఆ సాయంత్రం గోడ అవతలి నుంచి మా తోడికోడలు కేకేసింది. "ఏందక్కా, మీటింగుకి జనం రాలేదంట గదా?"

"నీకెందుకే" అన్నాను.

"అన్నం పెట్టకుండా ఎవరొస్తారక్కా? చదివింపులు పెట్టు. అందరూ వస్తారు."

మా వైపు పెళ్ళిలో భోజనం చేసి వెళ్ళేవాళ్ళు ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు ఏదో ఒకటి ఇచ్చి వెళ్తారు. ఎవరు ఏమిచ్చారో పక్కనే ఒకరు కూర్చుని పైకి చదువుతారు. అందుకే వాటిని చదివింపులంటారు. మనకి ఎవరైనా చదివిస్తే వాళ్ళింట్లో శుభకార్యానికి మనం తిరిగి చదివించి తీరాలి. ఆ మర్యాద తప్పితే వీధిలో తల ఎత్తుకోలేం. కానీ లైబ్రరీకి చదివింపులేమిటి, నా మొహం! "చాల్లే సంబడం" అని లోపలికి వచ్చేశాను.

ఆమె ఊరుకుంటేగా. మర్నాడే లైబ్రేరియన్ గారి దగ్గరికి వెళ్ళింది. ఆ గడప తొక్కడం ఆమెకి అదే మొదటిసారి. ఆయన ఆమెకి కుర్చీ వేశారు. తర్వాత నాకు ఆ సంగతి ఎంతో సంతోషంగా చెప్పి, "మీ తోడికోడలు గారికి భలే ఆలోచన వచ్చిందండీ! మీరైనా ముందే చెప్పలేదే?" అన్నారు. నాకు కళ్ళలో కారం కొట్టినట్టయింది. ఇన్నేళ్ళుగా నేను చదివిన పుస్తకాలేమయ్యాయి? ఆమె వచ్చిన ఒక్క పూటకే భలే ఆలోచనా?

ఇంటింటికీ తిరిగి పిలిచింది. బొట్టు పెట్టుకునే ఇళ్ళలో బొట్టు పెట్టి, పెట్టుకోని ఇళ్ళలో చేతిలో అరటిపండు పెట్టి, "లైబ్రరీ పెళ్ళి, అందరూ రావాలి, పొయ్యి వెలిగించమాకండి" అని చెప్పింది. "పెళ్ళికూతురెవరే?" అని ముసలమ్మలు అడిగితే "లైబ్రరీయే! ఇల్లు లేని పిల్ల, మనమే ఒక ఇంటిదాన్ని చెయ్యాలి" అనేదట. జనం పగలబడి నవ్వారట. ఎక్కడికి వెళ్ళినా ఇదే మాట. పాలవాడు కూడా నాకు ఆ జోకు చెప్పాడు, అది నేను వినలేదన్నట్టు.

ఉన్నమాట చెప్తాను. ఆ రోజుల్లో ఆకాశం మబ్బు పడితే నాకు సంతోషంగా ఉండేది. కురిస్తే కురవనీ అనిపించేది. పుస్తకాలు పోతే పోయాయి, ఆమె చేతి మీదుగా మాత్రం నిలబడకూడదు అనిపించేది. అంత కుళ్ళుకున్నాను. నా లైబ్రరీ మీద నేనే వాన కోరుకున్నాను.

వాన రాలేదు. జనం వచ్చారు. పశువుల ఆసుపత్రి ముందు షామియానా, రెండు పెద్ద డేగిసాల్లో సాంబారు, గోంగూర పచ్చడి ఘాటు. ఆమె చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని వడ్డనలు చూస్తోంది. నన్ను మైకు దగ్గర కూర్చోబెట్టారు. "చదివేది మీరేనండీ, మీకు తప్ప ఎవరికుంది అంత స్పష్టమైన ఉచ్చారణ" అన్నారు లైబ్రేరియన్ గారు. సరే చదివాను. నాలుగు పేజీల ఉపన్యాసం రాసిన దాన్ని, "ఫలానావారి చదివింపులు, సీలింగు ఫ్యాను", "ఫలానావారి చదివింపులు, ఇనప రేకులు" అని అరుస్తూ కూర్చున్నాను. ఒకాయన సిమెంటు, ఒకామె కుర్చీలు. మా తోడికోడలు తన వంతుగా ఎండుమిర్చి టిక్కీ దింపించింది. టిక్కీ అంటే మిర్చి బస్తా. నిండుగా, తాలుకాయ ఒక్కటి లేకుండా, గుంటూరు యార్డుకి వేసే మేలురకం. అది కూడా నేనే మైకులో చదివాను. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, కొట్టక చస్తానా.

కొంతసేపటికి జోరు తగ్గింది. భోజనాలు చేసినవాళ్ళు చాలామంది చేతులు కడుక్కుని పక్కన నిలబడ్డారు, ఇద్దామా వద్దా అన్నట్టు. అప్పుడు గాజుల కొట్టు సాయిబు గారు లేచారు. సరదా మనిషి. "అంతా బాగుందమ్మా. మేం చదివిస్తాం. రేపు మా మనవరాలి పెళ్ళికి ఈ లైబ్రరీ వచ్చి మాకేం తిరిగి చదివిస్తది?" అన్నారు.

అందరూ నవ్వారు. కానీ నవ్వు ఆగాక చూస్తే ఆ ప్రశ్న అందరి ముఖాల్లోనూ ఉంది. తిరిగి రాని చదివింపు మా ఊళ్ళో ఎవరూ చేయలేదు.  నేను మైకు పట్టుకుని, జవాబు అక్కడేదో రాసి ఉన్నట్టు చదివింపుల జాబితా తిరగేస్తున్నాను.

మా తోడికోడలు గరిటె పక్కన పెట్టి వచ్చి నా చేతిలో మైకు లాక్కుంది. "ఎందుకు చదివించదూ! మీ ఇంట్లో ఏ శుభకార్యమైనా ఒక్క కబురు పెట్టండి. లైబ్రరీ తరఫున మా అక్క వచ్చిద్ది. ఉత్తచేతులతో రాదు, పుస్తకం తీసుకొచ్చిద్ది. పెళ్ళివారందరినీ కూర్చోబెట్టి కథ చదివి వినిపిచ్చిద్ది. చదివింపులంటే అదీ!"

చదివించడమంటే మా అందరికీ ఇవ్వడమే. ఆ మాటలో పుస్తకాల చదువు కూడా ఉందని ఎన్నడూ ఎవరికీ తట్టలేదు, నాకు కూడా. ఆమె దాన్ని ఉన్నదున్నట్టు పట్టుకుంది. సాయిబు గారు "వహ్వా! అట్టయితే మాది ఒక బీరువా రాయండి" అన్నారు. ఆ వెనకే పక్కన నిలబడ్డవాళ్ళంతా కదిలారు. చీకటి పడేదాకా చదువుతూనే ఉన్నాను. గొంతు బొంగురుపోయింది. లైబ్రరీకి కప్పు వచ్చేసిందని లైబ్రేరియన్ గారు చిన్నపిల్లాడిలా గెంతారు.

ఇంటికి రాగానే గోడ దగ్గరికి వెళ్ళి అరిచాను. "నన్నొక మాట అడిగావా? నన్ను పళ్ళెంలో పెట్టి ఊరందరికీ చదివించేస్తావా?"

"ఏందక్కా అంత కోపం? రోజూ చదువుకునేదేగా. కాస్త పైకి చదువు."

విసురుగా లోపలికి వచ్చి తలుపేసుకున్నాను.

వానల ముందే రేకులు పడ్డాయి. పుస్తకాలు కొత్త చోటికి చేరాయి. సాయిబు గారి మనవరాలి పెళ్ళికి కబురు వచ్చింది. వెళ్ళకపోతే లైబ్రరీ పరువు పోతుంది. పుస్తకం చంకన పెట్టుకుని వెళ్ళాను. భోజనాలకి ముందు ఒక చిన్న కథ చదివాను. మొదట పిల్లలు అల్లరి మాని విన్నారు, తర్వాత ఆడవాళ్ళు, చివరికి వంటవాళ్ళు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నా ఒంట్లో ఏదో పొంగింది. కానీ పెళ్ళివారు నన్ను సాగనంపుతూ ఏమన్నారో తెలుసా? "మీ తోడికోడలు ఇచ్చిన మాట నిలబెట్టారమ్మా." ఆ తర్వాత గృహప్రవేశాలు, బారసాలలు, చర్చిలో ఒక నిశ్చితార్థం. ప్రతిచోటా అదే. చదివేది నేను, పేరు ఆమెది. కాలిన కడుపు మళ్ళీ మళ్ళీ కాలింది.

ఇంకో సంగతి. అన్ని ఇళ్ళకీ ఆమె కూడా వచ్చేది, వంటల దగ్గరికి. నేను పుస్తకం తెరవగానే మాత్రం ఏదో పని ఉన్నట్టు పెరట్లోకి వెళ్ళిపోయేది. ఒక్కసారి కూడా కూర్చుని వినలేదు. నేను చదువుతూ చదువుతూ తలెత్తి ఆమె కోసం చూసేదాన్ని. ఊరంతా వింటున్నా ఆమె వినడం లేదన్నదే గుచ్చుకునేది. అంత చులకనా నా చదువంటే, అనుకునేదాన్ని.

మొన్న పత్తితీతలు అయిపోయాక, ఒక మధ్యాహ్నం ఆమె మా ఇంటికి వచ్చింది. గోడ మీంచి కేకెయ్యలేదు, వీధి తిరిగి గుమ్మంలోకి వచ్చింది. చేతిలో గరిటె లేదు, గిన్నె లేదు. ఉతికిన చీర కట్టుకుంది.

"నాకెప్పుడు తీరుస్తావు?" అంది.

"ఏంటే తీర్చేది?"

"నేనూ చదివించాగా. టిక్కీ దింపించింది ఎవరు? ఊళ్ళో అందరికీ తిరిగి చదివిచ్చావు. నా ఇంట్లో ఇంకేం ఫంక్షన్లు మిగిలినయ్యి? పిల్లల పెళ్ళిళ్ళయినయ్యి, మనవళ్ళు పుట్టారు. నా దినానికొచ్చి చదువుతావా?"

"అందరితోపాటు వచ్చి కూర్చుంటే వద్దన్నానా? నువ్వే కదా పెరట్లోకి పోతావు" అన్నాను, ఇన్నాళ్ళ కోపమంతా గొంతులోకి తెచ్చుకుని.

ఆమె గొంతు నాకంటే పైకి లేచింది. "అందరితోపాటా! పెళ్ళిళ్ళకి వచ్చినోళ్ళ మధ్యన కూర్చుని నేనూ ఒకదాన్నయి వినాలా? నేను కాపురానికొచ్చినకాడి నుంచీ నువ్వు గోడవతల పుస్తకం పట్టుకుని నీలో నువ్వే నవ్వుకుంటావు, ఏడుస్తావు. ఏందక్కా ఆ నవ్వని ఎన్నిసార్లు అడగబోయానో. మన ఇద్దరి మధ్య ఉన్నది ఒక గోడ. ఒక్కనాడు, ఒక్క ముక్క, నాకు చదివి చెప్పావా? ఇవాళ సాయిబు గారింటికి చదువుతావు, ముక్కూ మొహం తెలియని పెళ్ళివారికి చదువుతావు."

ఆమె ముక్కుపుటాలు అదురుతున్నాయి. అది ఏ మంటో నాకు ఒకరు చెప్పాలా? పుట్టెడు మంట మింగి కూర్చున్నదాన్ని నేను. ఆమె వంటలకి జనం మూగితే నేను, నా కథలకి జనం మూగితే ఆమె.

"ఏం చదవమంటావు?" అన్నాను చివరికి.

"ఎవరికీ చదవనిది. నాకే."

చాప వేశాను. ఆమె గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుంది. నేను పుస్తకం వెతుకుతుంటే, "తలుపెయ్యక్కా, వీధిలోవాళ్ళు వింటారు" అంది. వేశాను. గడియ కూడా పెట్టాను. మొదటి పేజీ సగంలో ఉండగా బయట ఎవరో ఆమెని పిలిచారు, ఎవరింట్లోనో వంటకి రమ్మని. మళ్ళీ పిలిచారు. ఇద్దరం పలకలేదు.