గోడకు ఆరు కన్నాలు

సియు లువాన్ ఇరవై ఏడేళ్ళు డ్రిల్లింగ్ మిషన్ల మోటార్లకు రాగితీగ చుట్టింది. తైచుంగ్ నగరానికి దక్షిణపు అంచున, తాలీలో, రేకుల షెడ్డులో నడిచిన చిన్న కార్ఖానా అది. రోజుకు నూటముప్పై మోటార్లు ఆమె చేతులమీదుగా పోయేవి. అవి పెట్టెల్లోకెక్కి, ఓడలెక్కి, ఎవరెవరి ఇళ్ళకో చేరేవి. ఆమె ఇంటికి మాత్రం ఒక్క మిషనూ రాలేదు. అవసరం పడితే పక్కవాటా వాళ్ళది తెచ్చుకుని, పని కాగానే తుడిచి ఇచ్చేసేది. ఆ పక్కవాటా వాళ్ళు ఇల్లమ్ముకుని వెళ్ళిపోయారు. అందుకని అరవై ఆరో ఏట తన సొంతానికి ఒకటి కొనుక్కోవలసి వచ్చింది.

భర్త తియెన్ ఫా బాత్‌రూంలో కాలుజారి పడ్డాడు. ముప్పై ఏళ్ళు సిటీబస్సు నడిపిన మనిషి, మూడడుగుల సబ్బునీళ్ళ నేల మీద తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ చేసి కొత్త కీలు వేశారు. సోమవారం ఇంటికి పంపుతామన్నారు. ఆయన ఇంటికొచ్చేలోగా బాత్‌రూం గోడకు పట్టుకునేందుకు స్టీలు కడ్డీ బిగించి ఉండాలని నర్సు మరీమరీ చెప్పింది. రెండోసారి పడితే మళ్ళీ నడవడం కష్టమని కూడా చెప్పింది.

కడ్డీ ఆ రోజే కొన్నది సియు లువాన్. చిక్కల్లా గోడతో వచ్చింది. కోడలు పెయ్ రోంగ్‌కి ఐదో నెల. కడుపుతో ఉన్న మనిషి తిరిగే ఇంట్లో గర్భదేవత కూడా తిరుగుతుంటుంది. ఏ రోజు ఎక్కడుంటుందో పంచాంగంలో రాసి ఉంటుంది. ఆ దేవత గదిలో ఉన్న రోజుల్లో మేకు కొట్టకూడదు, గోడ తొలవకూడదు, మంచం జరపకూడదు. సియు లువాన్ కళ్ళజోడు పెట్టుకుని వేలితో వరసంతా చూసింది. శనివారం దాకా అన్ని రోజులూ గదిలోనే. ఆదివారం నుంచి బయట. అంటే ఆదివారం ఒక్కటే రోజు. ఆరు కన్నాలు ఆ రోజే పడాలి.

"పనివాణ్ణి పిలుద్దామమ్మా" అన్నాడు కొడుకు పో చున్. రొట్టెల బట్టీలో పనిచేస్తాడు, వేళ్ళ సందుల్లో ఎప్పుడూ పిండే.

"ఆరు కన్నాల కోసం ఆదివారం పూట ఎవడొస్తాడ్రా?"

"అయితే ఇదిగో, ఇది చూడు." ఫోను ముందుకు చాపాడు. "బ్యాటరీతో నడిచేది. నూట ఎనిమిది సామాన్లతో పెట్టె. సగం ధరకే ఇస్తున్నారు."

"నూట ఎనిమిదీ పెట్టుకుని నేనేం చేసుకోను? ఇంతకీ నీకు సుత్తి పట్టుకోవడం వచ్చా?"

"నాకు పిండి పిసకడం వచ్చు."

"గోడ పిసకాల్సి వచ్చినప్పుడు పిలుస్తాలే."

మంగళవారం పొద్దున ఆమె సంత వెనక ఉన్న ఖో ఇనప సామాన్ల దుకాణానికి వెళ్ళింది. ఆ దుకాణంలో మెట్టు పక్కన ఒక కాంక్రీటు దిమ్మ ఉంటుంది. మిషను కొనేవాళ్ళు దాన్ని తొలిచి చూసుకుంటారు. ఎన్నేళ్ళుగా తొలుస్తున్నారో, దిమ్మ తామరదుంప ముక్కలా తయారైంది.

"రా లువానక్కా, బావకెలా ఉంది?" అన్నాడు ఖో.

"నోటికి తుంటి ఎముక లేదు కదా, అది బాగానే పనిచేస్తోంది. బాత్‌రూంకి కడ్డీ బిగించాలి తమ్ముడూ. ఒక మిషను కావాలి, మరీ ఖరీదుది కాదు."

"ఏం గోడ? ఇటుకా, కాంక్రీటా? తట్టి చూశావా?"

"ఎలా తట్టను? కోడలికి ఐదో నెల."

ఖో గొంతు తగ్గించాడు. "అట్లాగా. మంచిమాట. అయితే తట్టకు. కానీ ఏం గోడో తెలియకుండా మిషనెలా కొంటావక్కా?"

"పైవాటా హుంగ్ వాళ్ళావిడ పోయినేడు బాత్‌రూం పగలగొట్టించుకుంది. మా కింది గోడకు సరిగ్గా పైదే. అంతా కాంక్రీటేనట. పనివాళ్ళు ఆవిణ్ణి తిట్టుకుంటూ కొట్టారట."

ఖో మూడు మిషన్లు తెచ్చి బల్లమీద పెట్టాడు. ఒకటి జపాను కంపెనీది. ధర వినగానే సియు లువాన్ దాన్ని వెనక్కి జరిపేసింది. మిగిలిన రెండూ ఈ చుట్టుపక్కల తయారైనవే. ఒకటి పద్నాలుగు వందల యువాన్లు, ఇంకోటి రెండువేల ఏడు వందలు. రెండు పెట్టెలమీదా హ్యామర్ డ్రిల్ అనే ఉంది.

ఆమె ముందు చవకదాన్ని చేతిలోకి తీసుకుంది. వైరు ప్లగ్గులో పెట్టించి, గాలిలో నడిపించి చెవి దగ్గర పెట్టుకుంది. మోటారు సన్నగా, ఒకే ఎత్తున పాడింది. తీగ చుట్టినవాళ్ళెవరో బిగువుగా చుట్టారు. తరవాత రెండోది నడిపించింది. అది దగ్గుతున్న ముసలివాడిలా కటకటమంది. ఆమె ముఖం చిట్లించింది.

"ఇదే ఇచ్చెయ్" అంది మొదటిదాన్ని చూపించి. "మోటారు మంచిది. అది చూడు, ఏం గోల!"

"మోటారు గురించి నీకు నేను చెప్పేదేముంది" అన్నాడు ఖో. "అయినా ఒకసారి దిమ్మ మీద పెట్టి చూడు."

పెట్టింది. మిషను గీపెట్టింది, దుమ్ము లేచింది, ముంజేతులు మోచేతుల దాకా జలదరించాయి. నిమిషం తరవాత తీసి చూస్తే కన్నంలో చిటికెన వేలి గోరు కూడా పట్టదు.

"ఇంకా గట్టిగా తొయ్యి" అన్నాడు ఖో.

తోసింది. భుజం ఆనించి తోసింది. ఆమె బరువు నలభై ఆరు కిలోలు. దిమ్మ కదల్లేదు. వెనక్కి జరిగింది ఆమే.

"చూశావా? ఇందులో పళ్ళున్న బిళ్ళలు రెండు ఒకదానిమీద ఒకటి ఎగిరెగిరి పడుతుంటాయి. నువ్వెంత తోస్తే అంత దెబ్బ. ఇటుక గోడైతే దీన్నే కొనమని చెప్పేవాణ్ణి, ఊరికే డబ్బు తగలెయ్యమని చెప్పను. కాంక్రీటుకు నీ ఒళ్ళు చాలదక్కా. ఈ రెండోదాన్లో లోపల గాలి నొక్కితే సుత్తి కదుల్తుంది. కొట్టడం దాని పని, పట్టుకోవడం నీ పని. ఆ గోల మోటారుది కాదు, సుత్తిది."

ఆమె నమ్మలేదు. రెండోదాన్ని దిమ్మకానించింది. మిషను కొసనున్న తొలిచే బిట్టు వెన్నలోకి దిగినట్టు కాదుగానీ, గట్టి బెల్లంలోకి దిగినట్టు దిగింది. పది లెక్కపెట్టేలోగా వేలంత లోతు. బయటకు లాగి ఆ కన్నంవైపూ, మిషనువైపూ మార్చి మార్చి చూసింది. ఇరవై ఏడేళ్ళు మోటార్లు చూసిందిగానీ, వాటికి అవతలి కొసన గోడ దగ్గర ఏం జరుగుతుందో ఎప్పుడూ చూడలేదు.

"గోడకు అతికించిన టైల్స్ పలకల మీద కూడా ఇట్లాగే కొడితే పగిలిపోవూ?"

"ఈ గుబ్బ తిప్పు. ఇటు తిప్పితే తిరుగుతుందంతే, కొట్టదు. పలక దాటేదాకా అట్లా పోనిచ్చి, తరవాత ఇటు తిప్పు. బిట్లు మాత్రం దీనివి దీనికే. తోకకు గాడులున్నాయి చూడు, మామూలువి పట్టవు. రెండు నేనిస్తాలే, బావ లేచి నడిచినందుకు."

"ఇంకా నడవలేదు."

"నడుస్తాడు."

రెండువేల ఏడు వందల మీద కాసేపు బేరమాడి, వంద తగ్గించుకుని, మరలు పట్టేందుకు కన్నాల్లో దిగగొట్టే ప్లాస్టిక్ గట్టాల పొట్లమొకటి ఊరికే వేయించుకుని ఆమె మిషను తెచ్చుకుంది. ఇంట్లో పెట్టెనైనా తెరవలేదు. వంటింటి బయట, స్కూటర్ కింద పెట్టింది.

శుక్రవారం మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. మంచాలు చాలడం లేదు, రేపు ఉదయమే తీసుకెళ్ళమన్నారు.

శనివారం ఇంకా లోపలి రోజే.

సాయంత్రం పెయ్ రోంగ్ పళ్ళ ఆసుపత్రిలో పని ముగించుకుని వచ్చేసరికి అత్త పంచాంగం ముందు కూర్చుని ఉంది. ఎన్నిసార్లు చూసినా అక్షరాలు మారలేదు.

"అమ్మా, నేను ఈ రాత్రికి మా పుట్టింటికి వెళ్ళనా?" అంది పెయ్ రోంగ్. "రేపు పొద్దున్నే కన్నాలు వేసేసుకోండి."

"నువ్వెళ్ళినా నీ మంచం ఇక్కడే ఉందిగా. దేవత మంచాన్ని పట్టుకుని ఉంటుంది."

పెయ్ రోంగ్ బల్ల అంచున కూర్చుంది. మెల్లగా అంది. "ఆ క్యాలెండర్ మేకు గురించేనా?"

సియు లువాన్ హాలు గోడవైపు చూసింది. రెండేళ్ళ కిందట, కోడలికి మొదటిసారి నెల తప్పిన రోజుల్లో, సంగతి ఇంకా తెలియక హాల్లో క్యాలెండర్ కోసం ఒక మేకు కొట్టింది. వారం తిరక్కుండా ఆ కడుపు పోయింది. ఎవరూ చూడకుండా మేకు పీకి, ఆ బెజ్జంలో టూత్‌పేస్టు కూరింది.

"టూత్‌పేస్టు ఆరాక పసుపు రంగుకు తిరిగిందమ్మా. నేనప్పుడే చూశాను. డాక్టర్‌ని కూడా అడిగాను. మేకుకూ దానికీ ఏ సంబంధమూ లేదంది."

"నన్నేమీ అనలేదే నువ్వు?"

"మీరు నాలుగు నెలలు రోజూ నాకు చేప పులుసు కాచి పెట్టారు. ఇంక అనడానికేముంది?"

సియు లువాన్ పంచాంగం మూసింది. "డాక్టర్ చెప్పింది నిజమే అయ్యుంటుంది. అయినా ఆదివారం దాకా ఆగుదాం."

"ఆగుదాం" అంది పెయ్ రోంగ్ వెంటనే. ఆమె చెయ్యి కడుపు మీదే ఉంది.

శనివారం పదకొండింటికి తియెన్ ఫా నాలుగు కాళ్ళ ఊతకర్ర పట్టుకుని ఇంట్లో అడుగుపెట్టాడు. పెట్టగానే బాత్‌రూంలోకి తొంగిచూశాడు. "కడ్డీ ఏదే?"

"రేపు బిగిస్తా."

"రేపటిదాకా?"

"నేను పట్టుకుంటా. నన్నే కడ్డీ అనుకో."

"నిన్నా? చీపురుపుల్ల నయం. నన్ను దొడ్డికి చెయ్యిపట్టి తీసుకెళ్తావా? ఆసుపత్రిలో కడ్డీ ఉంది, నేనే వెళ్ళేవాణ్ణి. ఒక్క రోజు తేడాకు ఏం మునిగిపోతుందే, తొలిచెయ్యి."

"నీ మనవడి మీద ఒట్టేసి చెప్పు, ఏం కాదని."

తియెన్ ఫా ఊతకర్ర తిప్పుకుని కుర్చీవైపు నడిచాడు. తరవాత ఆ మాటే ఎత్తలేదు. ఎత్తకుండా ఇంకో పని చేశాడు. మధ్యాహ్నం చారు ముట్టలేదు, టీ ముట్టలేదు, మాత్రలు గుక్కెడు నీళ్ళతో మింగాడు. ఏమీ లోపలికి పోకపోతే బయటికి పోనక్కర్లేదని ఆయన లెక్క. నాలుగింటికి ఆ లెక్క తప్పింది. కుర్చీలో అటూ ఇటూ మెదిలి, చివరికి గోడవైపు చూస్తూ "లువాన్" అని పిలిచాడు.

ఆమె రెండు చేతులూ పట్టుకుని వెనక్కి నడిచింది, ఆయన ముందుకు నడిచాడు. గడప దగ్గర ఆయన కాలు తడబడింది. పడబోయే బరువంతా ఆమె మణికట్ల మీద పడింది. ఇద్దరూ తలుపు చెక్కకు తగిలి ఆగారు. ఎవరూ పడలేదు. పని అయ్యేదాకా ఆమె గోడకు తిరిగి నిలబడింది.

"రేపు కూడా ఇట్లాగే అయితే నేను తిరిగి ఆసుపత్రికి పోతాను" అన్నాడాయన బయటికొచ్చాక. నవ్వులాటకు అనలేదని ఆమెకు తెలుసు.

ఆదివారం తొమ్మిదింటికి పో చున్ పెయ్ రోంగ్‌ని స్కూటర్ మీద వాళ్ళ పుట్టింటికి తీసుకెళ్ళాడు. దేవత బయటే ఉన్నా, సియు లువాన్ కొత్త చీపురు తెచ్చి, ఇంకా ఉంటే తప్పుకోమన్నట్టు, బాత్‌రూం గోడను పైనుంచి కిందికి మూడుసార్లు ఊడ్చింది. తరవాత కన్నాలు పడే చోట పలకల మీద టేపు అంటించి పెన్సిలుతో గుర్తులు పెట్టింది. బిట్టుకు ఆరు సెంటీమీటర్ల దగ్గర ఇంకో టేపు చుట్టింది, అంతకుమించి దిగకుండా.

తియెన్ ఫా గుమ్మం ముందు కుర్చీ వేయించుకున్నాడు.

"ఎడమకి వాలుతోంది."

"నువ్వు బస్సు నడిపినప్పుడు నేను వెనక కూర్చుని చెప్పానా?"

"చెప్పావు. ప్రతిసారీ చెప్పావు."

గుబ్బ తిప్పి, సుత్తి లేకుండా పలకను దాటించింది. తెల్లని పొడి రాలింది. గుబ్బ మళ్ళీ తిప్పింది. కటకటమంటూ మిషను గోడలోకి దిగింది. మొదటి కన్నం, రెండోది, మూడోది. నాలుగోది సగంలో ఆగిపోయింది. బిట్టు లోపల గంట కొట్టినట్టు మోగి, మిషను చేతుల్లో మెలిపడింది. ఆమె చటుక్కున మీట వదిలింది.

"ఏమైందే?"

"లోపల కాంక్రీటులో ఇనప ఊచ తగిలింది."

"ఇంకా గట్టిగా..."

"నోరు మూసుకో, ఆలోచించనీ."

ఇనుమును ఈ బిట్టు తొలవలేదు. తొలిచినా అది ఇంటి ఎముక. స్టీలు కడ్డీ రెండో కొసనున్న గుండ్రటి బిళ్ళను గోడకానించి కొంచెం తిప్పి చూసింది. బిళ్ళకున్న మూడు బెజ్జాలూ రెండు వేళ్ళ మేర పక్కకు జరిగాయి. మళ్ళీ టేపు, మళ్ళీ గుర్తు. ఈసారి నిరాటంకంగా దిగింది. మిగిలిన రెండూ అట్లాగే. పనికిరాని ఏడో కన్నం ఒకటి పలక మీద మిగిలిపోయింది.

కన్నాల్లో పొడి ఊది, గట్టాలు దిగగొట్టి, మరలు బిగించింది. చివరి మర బిగిసింది. ఆమె రెండు చేతులతో కడ్డీ పట్టుకుని, కాళ్ళు నేలనుంచి ఎత్తి వేలాడింది. బిళ్ళ కదల్లేదు.

"నీ బరువుకు దారం కూడా తెగదు" అన్నాడు తియెన్ ఫా. "జరుగు."

లేచి, ఊతకర్ర గడపదాకా నెట్టుకొచ్చాడు. ఒక చెయ్యి చాపి కడ్డీ అందుకున్నాడు. లాగి చూశాడు. రెండో చెయ్యి కూడా వేశాడు. ఊతకర్ర వదిలేసి, పక్కకు పక్కకు మూడడుగులు వేసి లోపల నిలబడ్డాడు. ఆమె చేతులు తెలియకుండానే ముందుకు చాచి ఉన్నాయి.

"బయటికి నడు" అన్నాడాయన.

"తలుపు ఓరగా ఉంచు."

తలుపు మూసుకుంది. గొళ్ళెం పడిన చప్పుడు.

"గొళ్ళెం తియ్యి ముసలోడా! పడితే ఎవరొస్తారు?"

"పడను. అక్కడ నిలబడకు, నువ్వుంటే రాదు."

ఆమె వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, దుమ్ము కొట్టుకున్న చేతులు కడుక్కోసాగింది. రెండుసార్లు కుళాయి కట్టి చెవి ఒగ్గింది. రెండోసారి లోపల నీళ్ళు వదిలిన చప్పుడు, తరవాత కడ్డీ మీద అరచెయ్యి జరుగుతున్న చప్పుడు వినిపించాయి. అప్పుడు కొడుక్కి ఫోను చేసి, ఇక ఇద్దరూ ఇంటికి రావచ్చని చెప్పింది.