కూర్చుంటేనే బిల్లు

కూర్చున్నందుకు ఆమె ఉద్యోగం పోయింది. మధ్యాహ్నం పూట, బిల్లు కౌంటరు ముందు మనిషన్నవాడు లేనప్పుడు, ఖాళీ నూనె డబ్బా ఒకటి బోర్లించి దాని మీద కూలబడింది. పైనుంచి కెమెరా చూసింది. సాయంత్రానికల్లా మేనేజరు పిలిచి రేపట్నుంచి రావద్దన్నాడు. నిలబడి బిల్లు కొట్టడమే కస్టమరుకు మర్యాదట, కంపెనీ రూలట. ఆ రోజు నుంచి వీధిలో ఆమె పేరు డబ్బా అక్క. మొదట్లో వెక్కిరింపుగా అన్నారు, తర్వాత అదే పేరై కూర్చుంది. "పేరుకైనా కూర్చునే యోగం పట్టిందిలే" అని ఆమే నవ్వేది.

పెళ్ళికి ముందు బట్టల కొట్లో నిలబడింది. పెళ్ళయ్యాక మందుల షాపులో నిలబడింది. ఊరూరా ఒకే ఆకుపచ్చ బోర్డు తగిలించుకుంటూ వచ్చిన పెద్ద కంపెనీ చుట్టుపక్కల చిన్న కొట్లన్నీ మింగేశాక, గతిలేక అందులో నిలబడింది. పిక్కల మీద నరాలు వానపాముల్లా ఉబ్బాయి. తోటికోడల్ని కూడా తనే అక్కడ చేర్పించింది. ఇంటికి రాగానే ఇద్దరూ నేల మీద వెల్లకిలా పడుకుని కాళ్ళు పైకెత్తి గోడకి ఆనించేవాళ్ళు. సున్నం మీద రెండు జతల మడమల మరకలు. "ఈ కొంపకి స్తంభాలు ఆ నాలుగు కాళ్ళే" అని అత్తగారు ఎగతాళి చేసేది. ఎగతాళే గానీ నిజం. అన్నదమ్ములిద్దరూ పనిచేసే ప్రెస్సు మూతపడి చాలా కాలమైంది.

డబ్బా అక్కని వెనక్కి తీసుకోవాలి, కౌంటరుకో స్టూలు వేయాలి, అప్పటిదాకా పచ్చబోర్డులో పూచికపుల్ల కూడా కొనేది లేదని వీధి ఆడవాళ్ళు తీర్మానం చేశారు. మొదటి వారం కొట్టు బోసిపోయింది. ఆ తర్వాత కంపెనీ సగం ధర బోర్డులు కట్టింది. మెల్లగా జనం వెనక పార్కింగు తలుపులోంచి దూరి, నల్ల కవర్లతో బయటపడటం మొదలెట్టారు. పొద్దున నినాదమిచ్చిన నోరే సాయంత్రం ఆఫరు గురించి ఆరా తీసేది.

వాళ్ళని తప్పుపట్టడం తేలిక. పక్క కొట్లన్నీ మూయించేసి, నచ్చకపోతే ఇంకోచోట కొనుక్కోమనే కంపెనీ ముందు ఇల్లు నడిపే మనిషి పౌరుషం ఎన్నాళ్ళు ఆగుతుంది? ఇక్కడ అమ్మకం పడిపోతే వాళ్ళకి ఆదుకునే బ్రాంచీలు బోలెడు. మన దెబ్బ పైదాకా పోదు. కౌంటరు దగ్గర నిలబడ్డ మనిషి వీపు మీదే ఆగిపోతుంది.

అక్కడే ఆగింది కూడా. మేనేజరు చిన్న తోటికోడల్ని గదిలోకి పిలిచాడు.

"అమ్మకాలు పడిపోయాయి. ఈ శనివారం కూడా ఇలాగే ఉంటే ఒకర్ని తగ్గించాలి. ఆ ఒకరు ఎవరో నేను చెప్పక్కర్లేదనుకుంటా."

ఆమె వెళ్ళబోతుంటే మళ్ళీ ఆపాడు.

"పరుగెత్తి పాలు తాగే కన్నా నిలబడి నీళ్ళు తాగడం మేలన్నారు. మీ అక్కకి చెప్పు."

"నీళ్ళు తాగితే బాత్రూముకి పంపరు కదా సార్" అంది.

ఆ సాయంత్రం కాళ్ళు గోడకి ఆనించలేదు. గుమ్మంలోనే నిలబడి అడిగింది. "అక్కా, నీ పౌరుషం కోసం నా పొయ్యి ఆర్పుతావా?"

"పొయ్యి ఇద్దరిదీ కదే."

"అందుకే అడుగుతున్నా. నీది పోయింది. నాదీ పోతే అందరం వెళ్ళి నీ డబ్బా మీద కూర్చుందామా?"

మంచం మీద అత్తగారు గొంతు సవరించుకుంది. "పట్టం లేవే. చిన్న డబ్బా."



మర్నాడు డబ్బా అక్క పచ్చబోర్డు గేటు దగ్గరికి వెళ్ళింది గానీ నినాదం నోరు దాటలేదు. ఆపేస్తే లోపలి ఆడపిల్లలంతా ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం నిలబడాల్సిందే. ఆపకపోతే శనివారంతో చెల్లి వరసైన తోటికోడలి ఉద్యోగం సరి. కాళ్ళు వెనక తలుపు వైపు లాక్కెళ్ళాయి. అక్కడ రిటైరైన టీచరమ్మ నల్ల కవరు చంకలో ఇరికించుకుని బయటికొస్తోంది. మొదటి రోజు అందరి ముందూ తీర్మానం చదివింది ఆవిడే.

"చూసేశావా" అంది టీచరమ్మ. "తిట్టు, పడతాను. మా ఆయన మందులు ఇప్పుడు వీళ్ళ దగ్గర తప్ప దొరకట్లేదు. బస్సెక్కి తిరిగే ఓపిక నాకు లేదు."

"తిట్టను గానీ, లోపల మా చెల్లి ఎలా ఉందండీ?"

"నిలబడే ఉంది పాపం."

"మీ ఇంటికి నేనొస్తే ముందు ఏమంటారు?"

"ఏమంటాను? కూర్చోమంటాను."

"మరి దాన్నలా అన్నారా?"

టీచరమ్మ కవరు కింద పెట్టింది. "అనలేదే" అంది. "అయినా ఆ రూలు నా మర్యాద కోసమేనన్నారుగా. నాకా మర్యాద వద్దంటే?"

శనివారం పొద్దున చెల్లి బయల్దేరుతుంటే డబ్బా అక్క ఎదురెళ్ళింది. "ఇవాళ నిన్నెవరైనా కూర్చోమంటారు. కూర్చుంటావో లేదో నీ ఇష్టం. నిలబడ్డావని నేనేం అనుకోను."

"ఉద్యోగం పోతే?"

"అక్కే పోగొట్టిందని బతికినంతకాలం అను. పడతాను."

చిన్నామె చెప్పులేసుకుంది.

సాయంత్రం కొట్టు కిటకిటలాడింది. మేనేజరు మొహం వెలిగింది. డబ్బా అక్కని లోపలికి రానివ్వరు కాబట్టి అద్దాల బయట నిలబడింది. వరసలో ముందున్న టీచరమ్మ మందుల పొట్లాలు కౌంటరు మీద పెట్టి, చెల్లి చెయ్యి చాచగానే వాటి మీద అరచెయ్యి ఆనించింది.

"కూర్చోమ్మా. నువ్వు కూర్చుంటేనే బిల్లు."

పక్క కౌంటర్లలోనూ అదే మాట వినబడింది. వరసలు ఆగిపోయాయి. వెనకనుంచి ఒకాయన విసుక్కున్నాడు. "కానివ్వండమ్మా, మాకు పనుల్లేవా?"

"అలసిపోయారా? ఆవిడ పొద్దుట్నుంచీ నిలబడింది" అంది టీచరమ్మ వెనక్కి తిరక్కుండానే.

మేనేజరు పరుగున వచ్చాడు. "కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి మేడం" అని నవ్వబోయాడు.

"కూర్చుని తినమనట్లేదు నాయనా, కూర్చుని కొట్టమంటున్నా."

వరసలో నవ్వులు లేచాయి. అతను పెద్దాఫీసుకి ఫోను చేశాడు. ఎవరూ ఎత్తలేదు. శనివారం వాళ్ళకి సెలవు, అక్కడ కుర్చీలన్నీ ఖాళీ. ట్రాలీల్లో ఐస్‌క్రీము కరిగి నేల మీదికి కారుతోంది. అతను చిన్నామె దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "నాకు నిలబడటమే ఇష్టమని చెప్పు. ఆ ఒక్క మాటంటే నీ ఉద్యోగం పదిలం."

ఆమె అద్దాల వైపు చూసింది. అక్క కళ్ళతో ఏదైనా చెబుతుందేమోనని. డబ్బా అక్క అప్పటికే వీపు తిప్పి రోడ్డు వైపు నిలబడి ఉంది.

చిన్నామె కౌంటరు కిందకి కాలు పోనిచ్చి, అక్కడే పడున్న నూనె డబ్బాని బయటికి లాగింది. కూర్చుంది. పొట్లం అందుకుని మిషనుకి చూపించింది. అది కుయ్యిమంది. పక్క కౌంటరు అమ్మాయి ఖాళీ పెట్టె లాక్కుంది. ఆ పక్కామె కూడా.

సోమవారం ఎవర్నీ తీసేయలేదు. తీసేయాలంటే అందర్నీ తీసేయాలి. తర్వాత ఆ బ్రాంచికి స్టూళ్ళొచ్చాయి, కొన్నాళ్ళకి మిగతా వాటికీ. మా సిబ్బందే మా కుటుంబమని కంపెనీ పోస్టర్లు కూడా వేయించుకుంది. డబ్బా అక్కని మాత్రం వెనక్కి తీసుకోలేదు. బహిష్కరణ పనిచేస్తుందా అంటే సగం పనిచేసింది. అది కూడా జనం కొనడం మానేసినప్పుడు కాదు. రూలు తమ పేరు మీద నడుస్తోందని గ్రహించి, ఆ పేరు వెనక్కి తీసుకున్నప్పుడు.

ఇప్పుడు ఆ గోడ మీద ఒక జత మడమలే ఆనుతున్నాయి. డబ్బా అక్క ఇంకో కంపెనీ బట్టల షోరూములో నిలబడుతోంది. మొన్న సాయంత్రం చెల్లి పక్కన కూర్చుని ఆమె పిక్కలు నొక్కుతూ అంది.

"రేపు మీ షోరూముకొస్తా."

"అక్కడ గుడ్డ ముక్క కొనే స్తోమతుందా నీకు?"

"కొనడానికి కాదు. నిన్ను కూర్చోమనడానికి. టీచరమ్మ కూడా వస్తానంది."

డబ్బా అక్క రెండో కాలు కూడా చెల్లి ఒళ్ళోకి జరిపింది.

"ఆదివారం రండి" అంది. "ఆదివారమైతే రద్దీ ఎక్కువ."