బాణాలు గీసిన మూడు రోజులు

ఆ రోజుల్లో నా అంత మేధావి మేముండే రేవుపేట మెటియాబ్రుజ్ మొత్తంలో లేడని నా గట్టి నమ్మకం. (మా వీధిలో డాక్టరేటుకి చదివేవాణ్ణి నేనొక్కణ్ణే, పోటీ లేదు.) నా పరిశోధన ఏమిటంటే, బోలెడన్ని యంత్రాలు, వాటి మీద పెత్తందారు లేడు. ఒక్కోటీ తన పక్కదాని మాట వింటుందే గాని తిరిగి దానికి చెప్పలేదు. అయినా అన్నీ చివరికి ఒకే మాట మీదికి ఎలా వస్తాయి? "ఈపాటి దానికి అయిదేళ్లేటిరా?" అనేవాడు ఓడల డాకులో క్రేను నడిపే మా నాన్న.

ఆయనకి చక్కెర జబ్బు. చెప్పు కరిచిన పుండు ముదిరి రెండు కాలివేళ్లు నల్లబడ్డాయి. ఆసుపత్రి డాక్టరు నన్ను పక్కకి పిలిచి, "చూడు భాయ్, ఇవాళే వేళ్లు తీసేస్తే కాలు దక్కుతుంది. ఇంట్లోవాళ్లంతా ఒక మాట అనుకుని సంతకం పెట్టండి" అన్నాడు. అమ్మనడిగితే, "నాకేటి తెల్సురా, మీ మావయ్య ఏటంతే అదే" అంది. మావయ్య, బంద్ పుణ్యమా అని, బడ్జ్ బడ్జ్ నుంచి మర్నాటికి గాని రాలేదు. వచ్చి, "పాస్టరుగోరు ఏటంతే అదే" అన్నాడు. పాస్టరుగారు కళ్లు మూసుకుని ప్రార్థన చేసి, "ఇల్లాలి మనసు ఎటుంటే అటే, బాబూ" అన్నారు. మళ్లీ అమ్మ దగ్గరికే! పోనీ నాన్ననే అడుగుదామంటే, "బాబోయ్, ఆయనకి సెప్పకు, గుండాగిపోద్ది" అంది అమ్మ. మిగతా ఇద్దరూ తలూపారు. (ఏకాభిప్రాయం ఇక్కడ మాత్రం చిటికెలో కుదిరింది.)

మరి నువ్వేం చేశావంటారా? సిగ్గు విడిచి చెప్తున్నాను, వరండాలో కూర్చుని కాగితం మీద బాణాలు గీశాను. ఎవరి మాట ఎవరు వింటారో, ఎక్కడ తెగిందో అని. మూడో రోజుకి వెలిగింది. ముగ్గురూ ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతున్నారు, ఎవరికీ సొంత మాట లేదు. బయటి నుంచి ఒక్క బాణం వచ్చి తగిలితే చాలు. అది నాన్నది. వెళ్లి ఆయనకే అంతా చెప్పేశాను.

"కుళ్లు కంపు ముందు నాకే గదరా తగిలింది" అన్నాడు నాన్న. "తొలిరోజే తీసీమందును. నన్నెవుడడిగినాడు?"

గంటలో ముగ్గురూ ఒప్పుకున్నారు, నేను సంతకం పెట్టాను. అప్పటికి వేళ్లతో పోయే రోజు దాటిపోయింది, మోకాలి దాకా తీసేశారు. నాన్న మళ్లీ క్రేను ఎక్కలేదు.

నాకు డాక్టరేటు వచ్చిన రోజు చంకకర్రలు గోడకి ఆనించి, "ఇంతకీ ఏటి తేల్చినావురా?" అనడిగాడు. ఒక్కడి మాటైనా అందరికీ చేరితే ఒప్పందం తప్పకుండా కుదురుతుందని చెప్పాను.

"ఎన్నాళ్లకి?"

"అది ఇందులో లేదు నాన్నా."

నవ్వాడు. నేనూ నవ్వాను, ఇప్పటికీ తలుచుకుంటే నవ్వే వస్తుంది. వరండాలోంచి ఆయన మంచం దగ్గరికి నాలుగే అడుగులు. అంత చదివినవాడికి మూడు రోజులు పట్టింది.