పొద్దుటి కబుర్లు దేశాలు దాటి వచ్చిన వేళ

మొన్న బౌరంపేట్‌లో మా అక్క మనవరాలిని చేర్చిన బడిలో తల్లిదండ్రుల సమావేశం ఉంటే, ఆ పిల్ల తల్లికి సెలవు దొరకక నేను వెళ్లి కూర్చున్నాను. చీర మడత నలగని ఒక అమ్మాయి మైకు పట్టుకుని, రోజూ పొద్దున పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి ఇంటి కబుర్లు, మనసులోని మాటలు చెప్పించే పద్ధతిని ఫిన్లాండ్ నుంచి మొదటిసారిగా తామే ఇక్కడికి తెచ్చామంది. మొదటిసారట! పక్కనున్నావిడ చప్పట్లు కొట్టింది, నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను.

మన వయసు టీచర్లకు గుర్తుండే ఉంటుంది. తొంభైల చివర్లో, రావల్కోల్ అవతల ఒక చిన్న ఊరి బడిలో నేను కొత్తగా చేరినప్పుడు, ఈ పొద్దుటి కబుర్లే ఇంగ్లండ్ నుంచి వచ్చాయని మేడ్చల్‌లో మాకు శిక్షణ ఇచ్చారు. శిక్షణ అంటే ఏముంది, చీరలు సర్దుకుంటూ జంఖానా మీద కూర్చుని కుందేలు పాట పాడడం, మధ్యాహ్నం పులిహోర. ఇది మా ఊళ్లో నడవదని చెప్పడానికి నేను లేచి నిలబడితే, శిక్షకుడు నన్ను కుందేలు వేషానికి పిలుచుకున్నాడు.

నాలుగో తరగతిలో ఒక పిల్ల ఉండేది, ఒక ఎక్కం అడిగితే పై ఎక్కం కూడా చెప్పేసే పిల్ల. నిన్న ఇంట్లో నీకు సంతోషం కలిగించినదేమిటి అన్నది మాకిచ్చిన ప్రశ్న. అవ్వకు కనబడకుండా అమ్మ తనకు గుడ్డు ఉడకబెట్టి పెట్టిందని ఆ పిల్ల నవ్వుతూ చెప్పింది. మధ్యాహ్నం గంట కొట్టేలోపే ఆ మాట అవ్వ చెవిన పడింది.

మర్నాడు తల్లి వచ్చింది, ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయి ఉంది.

“సదువు జెప్పుమని తోలితే మా పొయ్యి మీద ఏముడుకుతాందో అడుగుడేంది మేడం? రాత్రంత మా అత్త నన్ను బతకనియ్యలే. ఇగ నా బిడ్డను బడికి తోల.”

ఆ వారమే పిల్లను శామీర్‌పేట దారిలోని ద్రాక్షతోట పనికి పెట్టారు.

నేను మేడ్చల్ వెళ్లి శిక్షకుడితో గట్టిగానే పోట్లాడాను. మా ఊళ్లో ఒకరింటి మాట ఇంకొకరి చెవిన పడకుండా ఉండదని, ఇంటి సంగతి మానేసి దారిలో చూసిన పిట్ట గురించి అడుగుతానని అన్నాను. ప్రశ్న మార్చే అధికారం మనకు లేదని, విదేశీ బృందం వస్తోందని, పిల్లలు గుండ్రంగా కూర్చుని కనబడాలని ఆయన అన్నాడు. ఒక పిల్ల అసలే కనబడకపోయినా ఫర్వాలేదా అంటే, ఫైలు తిరగేస్తూ కూర్చున్నాడు. బృందం వచ్చింది, ఫొటోలు తీసుకుంది, మెచ్చుకుని వెళ్లింది.

ఏడాది తిరక్కుండానే ఆ పద్ధతి పోయి, ఇంకేదో దేశం నుంచి ఇంకొకటి దిగింది. ఆ సంగతి తెలిసిన సాయంత్రమే నేను వాళ్లింటికి పోయి, ఇకమీదట ఇంటి మాట అడగబోమని, పిల్లను బడికి పంపమని బతిమాలాను. తల్లి తల ఎత్తలేదు. అవ్వే అందుకుంది.

“నేనేమన్న పోరి నోట్లె గుడ్డు గుంజుకుంటనా పంతులమ్మా? నాకు సాటుగ పెట్టిందన్నదే నా బాధ. పోరిని తీస్కపోండ్రి, గని మా ఇంటి ముచ్చట మల్ల దియ్యకుండ్రి.”

పిల్ల వచ్చింది. బళ్లో నోరు తెరవొద్దని ఇంట్లో ఎంత గట్టిగా చెప్పి పంపారో, ఎక్కం అడిగితే పలక మీద తప్పు లేకుండా రాసి చూపించేది తప్ప పెదవి కదిపేది కాదు. ఎంత బుజ్జగించినా, కోప్పడినా అంతే. అలాగే ఐదో తరగతి దాటి వెళ్లిపోయింది.

ఇప్పుడా ద్రాక్ష పందిళ్లు లేవు, అక్కడ ప్రహరీలూ గేట్లూ వచ్చాయి. పక్కింట్లో ఏం వండారో ఎవరికీ తెలియదు, కాబట్టి ఈ కబుర్లు ఇప్పుడిక్కడ నడుస్తాయేమో కూడా, అంతవరకు ఒప్పుకుంటాను. పిల్లలు నోరు విప్పాలని ఏ దేశం నుంచి ఏం తెస్తారో తెచ్చుకోనీ. ఎక్కాలు గడగడా చెప్పిన ఆ పిల్ల గొంతు మాత్రం, ఎంత గుర్తుచేసుకుందామన్నా, నాకు వినబడడం లేదు.