ఏటికోతకు ఇంగ్లీషు మాటలు

ఇందులో గోదావరి ఉంది. ఆగ్రహించిన నది, విరిగిపడే గట్టు, ఒంటరి ఆడమనిషి ఇల్లు, సముద్రాలు దాటి వచ్చిన దొర ఉన్నారు. ఆ దొరను మాటలతో గెలవడానికి రాజమహేంద్రవరం నుంచి బయలుదేరిన వీరుడు కూడా ఉన్నాడు. పర్వాలు పర్వాలుగా రాయదగిన కథ.

నిజం చెప్పాలంటే అంత లేదు. ఆ వీరుణ్ణి నేను. యుద్ధమంతా ఒక కుర్చీ చుట్టూ జరిగింది. కాబట్టి పర్వాలు పక్కనపెట్టి జరిగింది చెబుతాను.

మా మేనత్త ఇల్లు లంకలో ఉండేది. లంక అంటే రెండు పాయల మధ్య గోదావరి తెచ్చి పోసిన మేట. తెచ్చినదాన్ని ఎప్పుడైనా పట్టుకుపోయే హక్కు తనకుందని ఏటి నమ్మకం. అత్తయ్య ఇంటి ముందు గట్టును ప్రతి వరదా కొంత కోసుకుపోయేది. మొదట జామచెట్లు పోయాయి. తరవాత గడ్డివామి వేసే చోటు పోయింది. కిందటి వరదకు పశువుల పాక పోయింది. ఇక వరసలో ఉన్నది ఇల్లే.

గట్టుకు రాళ్ళు పోయిస్తే కోత ఆగుతుంది. రాళ్ళు రావాలంటే ఇంజనీరు దొర వచ్చి, కళ్ళారా చూసి, సరే అనాలి. ఆ వేసవిలో దొర వస్తున్నాడని లంక మునసబు గారికి కబురొచ్చింది. లంక మొత్తానికి ఇంగ్లీషు వచ్చినవాడు లేడు. అందుకని రాజమహేంద్రవరంలో చదువుకుంటున్న నన్ను పిలిపించారు.

"నువ్వే చెప్పాలిరా నాన్నా" అంది అత్తయ్య. "తెలుగులో నేను దేవుడికి చెప్పుకున్నాను. ఆయన పట్టించుకోలేదు. ఇంగ్లీషులో చెప్పి చూద్దాం."

మార్పునీ, దానివల్ల వచ్చే ఫలితాన్నీ చెప్పే ఇంగ్లీషు మాటలన్నీ మా మేష్టారు ఒక ఎద్దు సాయంతో నేర్పారు. ఎద్దు మెల్లమెల్లగా చిక్కిపోతే గ్రాడ్యుయల్లీ. ఉన్నట్టుండి చిక్కిపోతే సడన్లీ. కొంచెం చిక్కితే స్లైట్లీ, బాగా చిక్కితే కన్సిడరబ్లీ. కాన్సీక్వెంట్లీ, అంటే అందువల్ల, దుక్కి ఆగిపోయింది. ఎద్దు తేరుకుంటే ఇంప్రూవ్‌మెంటు, తేరుకోకపోతే డిటీరియరేషను. ఏడాది పొడుగునా ఆ ఎద్దు మా తరగతిలో చిక్కుతూ, బలుస్తూ గడిపింది. ఒక్క సాలు దున్నిన పాపాన పోలేదు.

దొర వచ్చే ముందటి సాయంత్రం అత్తయ్య వాకిట్లో పచార్లు చేస్తూ ఈ మాటలన్నీ వల్లించాను. అత్తయ్యకు అన్నిటికీ కలిపి ఒకటే మాట ఉంది: పోయింది. ఇంగ్లీషులో పోవడానికి ఇన్ని మెట్లున్నాయి. ఏ మెట్టు మీద నిలబడి చెబితే రాళ్ళు వస్తాయి? గ్రాడ్యుయల్లీ అంటే, అయితే తొందరేముంది, వచ్చే ఏడు చూద్దామంటాడు. సడన్లీ అంటే, ఒకసారి జరిగింది మళ్ళీ జరుగుతుందని ఏమిటి అంటాడు. స్లైట్లీ అంటే గుర్రమెక్కి వెళ్ళిపోతాడు. మరీ ఎక్కువ చెబితే కోతలు కోస్తున్నాననుకుంటాడు. నేనొక్క మాట తప్పు చెబితే అత్తయ్య పొయ్యి ఏట్లో ఉంటుంది. ఈ ఆలోచనతోనే కంచం ముందు కూర్చున్నాను. అన్నం దిగలేదు.

"తింటావా, నువ్వూ ఆ ఎద్దులా చిక్కిపోతావా?" అంది అత్తయ్య. ఎద్దు సంగతి ఆమెకు నేను చెప్పలేదు. అంత గట్టిగా వల్లించానన్నమాట.

పొద్దున్నే గట్టు చూడబోయి కొయ్యబారిపోయాను. నేను వర్ణించబోయే గట్టు అక్కడ లేదు. లంకలోని ఆడవాళ్ళంతా తెల్లవారకముందే వచ్చి, నెర్రెలన్నిటికీ బంకమట్టి కూరి, పైన పేడతో అలికి, అంచు పొడుగునా ముగ్గులు పెట్టేశారు. రెండు వెదురుగడలు పాతి మామిడాకుల తోరణం కట్టారు. పెళ్ళికొడుకు దిగడమే తరువాయి.

"ఏంటత్తయ్యా ఇది?"

"దొరగారు వస్తుంటే ఎలా ఉంచమంటావు? నెర్రెలిచ్చిన నేల మీద నిలబెడతామా ఇంటికొచ్చిన మనిషిని? పరువు తక్కువ."

"ఆ నెర్రెలు చూపించడానికే కదా రమ్మంది!"

"చూపించు, ఎవరొద్దన్నారు? ముందు మర్యాదగా కూర్చోబెట్టి చూపించు."

మునసబు గారు తన ఇంటి కుర్చీ మోయించుకొచ్చి, సరిగ్గా అంచున వేయించారు. "ఇక్కడైతే గాలి బాగా తగులుతుందోయ్" అన్నారు. తగలక ఏంచేస్తుంది, అడ్డంగా ఉన్నవన్నీ ఏట్లో కలిశాక.

"అన్నిటికంటే పెద్ద నెర్రె ఆ కుర్చీ కిందే ఉందండి" అన్నాను.

"పూడ్చారుగా."

"మట్టితోనండి."

"మరి బంగారంతో పూడుస్తారా? ఊరికే కంగారు పడకు. నువ్వు నీ ఇంగ్లీషు చూసుకో."

ఇంతలో దొర రానే వచ్చాడు. ఎండకు కందిన ముక్కు, పొడుగాటి కాళ్ళు. ముగ్గుల మీద కాలు పడకుండా గెంతుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నేను ముందుకెళ్ళి, ఎద్దును మనసులో ధ్యానించి, ఈ గట్టు గ్రాడ్యుయల్లీ అని మొదలుపెట్టాను. దొర చెయ్యెత్తి ఆపాడు. తాను విన్నదానితో పోలిస్తే ఇక్కడ కన్సిడరబుల్ ఇంప్రూవ్‌మెంటు కనిపిస్తోందనీ, చాలా సంతోషమనీ ఇంగ్లీషులో అన్నాడు. నా మూటలోని మాటలు రెండు ఆయనే తీసి వాడేశాడు, అదీ ఎదురు పక్షాన.

అంతలో ఆయన అత్తయ్య వైపు తిరిగి, పరీక్ష పాసవడానికి నేర్చుకున్న తెలుగులో, "అమ్మా, తమకు ఏమి కష్టము కలదు?" అని అడిగాడు.

ఇన్నేళ్ళుగా ఆ ప్రశ్న అడిగేవాడి కోసమే ఎదురుచూసింది అత్తయ్య. కొంగు నిండా కప్పుకుంది. చేతులు జోడించింది.

"తమ దయవల్ల ఏ లోటూ లేదండి."

"లంకంతా సుభిక్షమండి" అన్నారు మునసబు గారు.

మా వైపు అంతే. గడపలోకి వచ్చిన పెద్దమనిషి పలకరిస్తే ఇల్లు అంటుకుని ఉన్నా జవాబు అదే. కష్టాలు మజ్జిగ తాగించాకే. ఆ సంగతి పరీక్షలో దొరకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఆయన సంతృప్తిగా తలాడించి టోపీ అందుకున్నాడు. టోపీతోపాటు రాళ్ళు కూడా వెళ్ళిపోతున్నాయి.

అప్పుడు చూశాను. కుర్చీ వెనక ముగ్గు రెండుగా విడిపోతోంది. పేడపూత పగిలి, కింది మట్టి సన్నగా జారుతోంది.

"సడన్లీ సర్!" అని అరిచాను. "సడన్లీ! సడన్లీ!"

ఏది సడన్లీయో చెప్పడానికి మాట దొరకలేదు. మా ఎద్దు ఎంత చిక్కినా ఎన్నడూ కూలలేదు. దొర నన్ను వింతగా చూస్తున్నాడు. అత్తయ్య మర్యాదంతా మరిచిపోయి, "లే బాబూ, లే! పడతావు, లే!" అని కేక పెట్టింది. దొర ఒక్క గెంతులో ముగ్గులు తొక్కుకుంటూ ఇవతలికి వచ్చాడు.

ఇక్కడ గట్టు ఫెళ్ళున విరిగి కుర్చీ సుడిగుండంలో మునిగిందని రాస్తే బాగుంటుంది. మునగలేదు. వెనక కాళ్ళు జానెడు దిగబడి, కుర్చీ వెనక్కు వాలి, తీరిగ్గా ఆకాశం చూస్తూ ఉండిపోయింది.

మునసబు గారు కుర్చీ కోసం విలవిల్లాడుతుంటే, నేను ఇంగ్లీషు వదిలేసి, "పడవెక్కి కిందనించి చూడండి బాబూ" అన్నాను. చిన్న దోనెలో ఇద్దరం నీళ్ళ మీదికి వెళ్ళాం. పైన తోరణం, ముగ్గు. వాటి కింద నేల లేదు. ఏరు తొలిచేసిన డొల్ల, అందులోకి వేలాడుతున్న వేళ్ళు. డొల్ల లోపలి కొస అత్తయ్య వంటింటి దాకా పోయి ఉంటుంది. దొర చాలాసేపు చూశాడు. ఇన్ని మెట్లలో ఏ మెట్టు ఎక్కుతాడోనని ఆయన నోరే చూశాను.

"బ్యాడ్" అన్నాడు.

అంతే. ఆ మాటకు ఎద్దు అక్కర్లేదు, మేష్టారూ అక్కర్లేదు.

ఒడ్డుకొచ్చాక అత్తయ్య మజ్జిగ ఇచ్చింది. ఆయన చెంబు దించగానే జామచెట్లు పోయాయని మొదలుపెట్టి పాక దాకా ఏకరువు పెట్టింది. దొర విని, రాళ్ళు పంపిస్తానన్నాడు. అత్తయ్య కొంగుతో కళ్ళొత్తుకుంది. నేను ఎప్పుడని అడిగాను.

రాళ్ళ పడవ బరువుగా ఉంటుందట. ధవళేశ్వరం నుంచి వచ్చే దారిలో చాలాచోట్ల ఇప్పుడు మోకాలి లోతే నీళ్ళు, ఇసుకలో కూరుకుపోతుందట. ఏరు పొంగగానే పంపుతారట.

"అంటే, వరదను ఆపే రాళ్ళు వరదతోపాటు వస్తాయన్నమాట" అన్నారు మునసబు గారు.

దొర టోపీ పెట్టుకుంటూ, అవునన్నాడు.

మర్నాడే అత్తయ్య ఇల్లు విప్పించింది. తాటాకులు దించి, కప్పును మోసే నిట్రాళ్ళు పెరికి, వెనక మునసబు గారి చిక్కుడు మడిలో మళ్ళీ వేశారు. శ్రావణంలో రాళ్ళు వచ్చాయి. అప్పటికి ఇల్లున్న చోటు ఏట్లో ఉంది. రాళ్ళు దానికి ఇవతల పోశారు.

పెరికినప్పుడు నిట్రాళ్ళ అడుగులు పుచ్చి ఉన్నాయి. మూరెడేసి కోసి పాతారు. అందువల్ల ఇప్పుడు ఆ ఇంట్లోకి వెళ్ళేటప్పుడు తల వంచాలి.